ఆటిజం పిల్లలకు బడిలో సర్కారు సాయం: సదరం శాతం ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు

"ఆటిజం పథకానికి ఎక్కడ పెట్టుకోవాలి మేస్టారూ?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో, ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రాల గుమ్మం దగ్గర తరచూ వినిపించే ప్రశ్న ఇది. అలాంటి పథకం ఏదీ లేదు. ఉన్నవి మూడు వేర్వేరు దారులు. ఆసుపత్రి దారిలో, వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం ధ్రువపత్రం వస్తుంది. బడి దారిలో సమగ్ర శిక్ష అనే బడుల పథకం, భవిత కేంద్రం ఉంటాయి. సచివాలయం దారిలో పింఛను ఉంటుంది. ఒక దారిలో జరిగింది రెండో దారిలో వాళ్లకు దానంతటదే తెలియదు. ఒక్కోచోట కాగితం పట్టుకెళ్లి చెప్పుకోవాల్సిందే.

2025లో రాష్ట్రమంతా సదరం పునఃపరిశీలన జరిగి, శాతం తగ్గినవాళ్లకు నోటీసులు వెళ్లాయి. అదే ఏడాది ప్రత్యేక విద్య టీచర్ల పోస్టులు మంజూరయ్యాయి. రెండు వార్తలూ కలిసిపోయి ఊళ్లలో ఒక భయం పుట్టింది. శాతం తగ్గితే బడిలో సాయం కూడా ఆగిపోతుందేమోనని. ఆగదు. అది ఎందుకు ఆగదో, అసలు బడిలో అందాల్సింది ఏమిటో విడివిడిగా చూస్తే తప్ప ఈ ముడి వీడదు.

పేరు దగ్గరే మొదలయ్యే గందరగోళం

ఆటిజం రోగం కాదు, మందుతో పోయేది కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. నలుగురితో కలవడం, మాటను మాటగా వాడుకోవడం, శబ్దం, వెలుతురు, స్పర్శ తట్టుకోవడం, మార్పును ఒప్పుకోవడం, వీటిలో ఆ తేడా కనిపిస్తుంది. ఒకే పేరు కింద ధారాళంగా ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడూ ఉంటాడు, పదేళ్లొచ్చినా మాట రాని పిల్లా ఉంటుంది.

బుద్ధిమాంద్యం వేరు. కొందరిలో రెండూ కలిసి ఉండొచ్చు, అంతే. కానీ రికార్డుల్లో చాలాకాలం రెండూ ఒకే గంపలో పడ్డాయి, దానికి కారణం చట్టమే. 1995 నాటి దివ్యాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది, అందులో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం ఆ పేరు ఎత్తింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించి, ఆటిజానికి వేరే గడి ఇచ్చింది. అది అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అందుకే బడి రిజిస్టరులో, యూడైస్ అనే ఆన్‌లైన్ బడి లెక్కల నమోదులో పిల్లవాడి వైకల్యం ఏ గడిలో పడిందో అడిగి చూసుకోవడం మంచిది. తప్పు గడిలో ఉంటే తప్పు సామాను వస్తుంది, తప్పు నిపుణుడి దగ్గరికి పంపుతారు.

ఉత్తరాంధ్రలో దీనికి తోడు భాష చిక్కొకటి. ఇచ్ఛాపురం వైపు ఇళ్లలో ఒడియా, మెళియాపుట్టి, మందస కొండ ఊళ్లలో సవర. ఇంట్లో ఆ భాష విని పెరిగిన పిల్ల ఒకటో తరగతిలో తెలుగు మేస్టారి ముందు నోరు విప్పకపోతే అంతమాత్రాన అది ఆటిజం కాదు. అలాగని "తెలుగు రాకే అలా ఉంది" అని నిజమైన ఆటిజాన్ని రెండేళ్లు వదిలేసే ప్రమాదమూ ఉంది. తేడా పట్టాలంటే ఇంటి భాషలో, ఇంట్లోవాళ్లతో ఎలా ఉంటుందో చూడాలి. చూపుడువేలితో వస్తువు చూపించి అమ్మను "చూడు" అన్నట్టు పిలుస్తుందా, పిల్లల ఆటలో తనూ దూరుతుందా అనేది ఏ భాషలోనైనా ఒకటే.

40 ప్రశ్నలు, 200 మార్కులు: శాతం ఎలా వస్తుంది

ఆటిజం శాతాన్ని డాక్టరుగారు చూసి అంచనాగా వేయరు. ఐశా అనే భారతీయ కొలమానం ఉంది. అందులో 40 అంశాలు, ఆరు భాగాలు. నలుగురితో కలవడం మీద 9, భావోద్వేగాల మీద 5, మాట మీద 9, ప్రవర్తన మీద 7, ఇంద్రియాల మీద 6, ఆలోచన మీద 4. ప్రతి అంశానికీ 1 నుంచి 5 వరకు మార్కు. ఆ లక్షణం అరుదుగా కనిపిస్తే 1, అప్పుడప్పుడు అయితే 2, తరచూ అయితే 3, ఎక్కువ సార్లు అయితే 4, ఎప్పుడూ అయితే 5. అంటే అతి తక్కువ 40, అతి ఎక్కువ 200.

మొత్తం 70కి తగ్గితే ఆటిజం లేనట్టు. సరిగ్గా 70 వస్తే 40 శాతం. 71 నుంచి 88 దాకా 50 శాతం, 89 నుంచి 105 దాకా 60, 106 నుంచి 123 దాకా 70, 124 నుంచి 140 దాకా 80, 141 నుంచి 158 దాకా 90, ఆ పైన 100. ఒకటి రెండు మార్కులు ఎంత పని చేస్తాయో ఇక్కడ కనిపిస్తుంది. 69 వచ్చిన పిల్లవాడికి ఏమీ లేదు, 71 వచ్చినవాడికి 50 శాతం. ఒకే ఒక్క ప్రశ్నకు "అప్పుడప్పుడు" అన్నామా, "ఎక్కువ సార్లు" అన్నామా అన్నదే ఆ రెండు మార్కుల తేడా.

ఈ మార్కుల్లో చాలా భాగం తల్లిదండ్రులు చెప్పే మాట మీదే ఆధారపడుతుంది. మనవాళ్లు అక్కడే జారిపోతారు. "కళ్లలోకి చూస్తాడా అమ్మా?" అని అడిగితే "చూస్తాడండి" అంటుంది తల్లి. ఆమె చెప్పింది అబద్ధం కాదు, ఆమెను చూస్తాడు. పక్కింటివాళ్లను, మేస్టారిని, తోటి పిల్లల్ని చూడడు. "మా గుంటడు బానే ఉంటాడండి, మాటలే రావు" అనే వాక్యం నాలుగైదు అంశాల్లో మార్కు తగ్గించేస్తుంది. పిల్లవాడిని తక్కువ చేసి చెప్పాలని కాదు. జరిగింది జరిగినట్టు, ఎన్నిసార్లో లెక్కతో చెప్పాలి. "రోజూ" అనే బదులు "నిన్న నాలుగుసార్లు" అంటే పరీక్షించేవాళ్లకు పని తేలిక. బడిలో టీచరు రాసిచ్చిన అరపేజీ కాగితం, ఫోనులో తీసిన రెండు నిమిషాల వీడియో ఇక్కడ బాగా అక్కరకొస్తాయి. ఆసుపత్రి గదిలో పావుగంటలో పిల్లవాడు తన రోజంతా చూపించలేడు కదా.

ఇంకో పొరపాటు సదరం పరీక్షకు వేసే స్లాట్ దగ్గర జరుగుతుంది. మాట రాదు కాబట్టి సచివాలయంలో మూగ, చెవుడు కింద స్లాట్ వేస్తారు. చెవి డాక్టరు పరీక్షిస్తాడు, వినికిడి బాగుంటుంది, దరఖాస్తు తిరస్కరణ. తప్పు పిల్లవాడిది కాదు, వైద్యుడిదీ కాదు, గడిది. స్లాట్ వేసేటప్పుడే ఏ విభాగమో, ఆ రోజు ఆ ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారో లేదో అడిగితే ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం ఒకసారితో తీరుతుంది. ధ్రువపత్రం చేతికొచ్చాక దాని మీద "తాత్కాలికం" అని ఉందా, గడువు ఎప్పటిదాకా అన్నది చూడాలి. చిన్నపిల్లలు ఎదిగేకొద్దీ మారతారు కాబట్టి మళ్లీ పరీక్షకు రమ్మని రాయడం మామూలే.

40 శాతం గీత ఎవరికి అడ్డం

2016 చట్టంలో రెండు మాటలున్నాయి, రెంటినీ ఒకటిగా చదవడమే అసలు తంటా. ఒకటి "వైకల్యం ఉన్న వ్యక్తి". రెండోది "ప్రామాణిక వైకల్యం ఉన్న వ్యక్తి", అంటే 40 శాతం లేదా అంతకు మించి ఉన్నవారు.

పింఛనుకు రెండోది కావాలి. రాష్ట్రంలో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, దానికి 40 శాతం సదరం తప్పనిసరి. ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్లకు కూడా అంతే. చట్టంలోని 31వ సెక్షన్, అంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలో గానీ కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచిత విద్య, అది కూడా ఈ గీత దాటినవారికే.

కానీ 16వ సెక్షన్ అలా రాయలేదు. ప్రభుత్వ నిధులతో నడిచే బడి గానీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి గానీ వైకల్యం ఉన్న పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి, వాళ్ల అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలి అంది. అక్కడ శాతం ప్రస్తావన లేదు. గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి కూడా దీని కిందికే వస్తుంది. "సదరం తెస్తేనే చేర్చుకుంటాం" అనే మాటకు చట్టంలో ఆధారం లేదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకైతే 2009 విద్యాహక్కు చట్టమే చాలు. చేరిక విషయంలో చిక్కు వస్తే జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో ఒక నోడల్ అధికారి ఉండాలని ఆ 2016 చట్టం కింద వచ్చిన 2017 నిబంధనలు చెబుతున్నాయి. దరఖాస్తు అక్కడ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి.

ప్రైవేటు బడిలో ఉచిత సీటు సంగతి వేరు. విద్యాహక్కు చట్టం కింద ఒకటో తరగతిలో కేటాయించే 25 శాతంలో అనాథలు, హెచ్ఐవీ బాధిత కుటుంబాల పిల్లలు, దివ్యాంగులకు కలిపి మన రాష్ట్రంలో 5 శాతం. సీటు వచ్చినంత మాత్రాన ఆ బడిలో ఆటిజం తెలిసిన టీచరు ఉంటారని కాదు. సీటు కోసం పరుగెత్తే ముందు ఇది అడగాలి.

భవిత కేంద్రంలో ఏముంటుంది, ఏముండదు

బడి దారికి డబ్బు వచ్చేది సమగ్ర శిక్ష నుంచి. అందులో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భాగాన్ని మన దగ్గర సహిత విద్య అంటారు. మండలానికొక భవిత కేంద్రం, సాధారణంగా ఇద్దరు ఐఈఆర్పీలు (సహిత విద్య రిసోర్సు పర్సన్లు), ఒక ఆయా, అప్పుడప్పుడు వచ్చే ఫిజియోథెరపిస్టు. ఐఈఆర్పీలు ప్రత్యేక విద్యలో డీఎడ్ గానీ బీఎడ్ గానీ చేసినవాళ్లు. భారత పునరావాస మండలిలో నమోదు అయి ఉండాలి. కేంద్రానికి వచ్చే పిల్లలకు పాఠం చెప్పడం, మండలంలో బడులు తిరగడం, కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్లడం, శిబిరాలకు తీసుకెళ్లడం, ఆన్‌లైన్ నమోదులు, అన్నీ వాళ్లవే.

కేంద్రం నిబంధనల ప్రకారం ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 3,500 రూపాయల దాకా. ఉపకరణాలు, బోధన సామగ్రి, రాకపోకల భత్యం, తోడు వచ్చేవారి భత్యం, థెరపీ, అన్నీ అందులోనే. టీచర్ల జీతం దీనికి వేరు. అమ్మాయిలకు నెలకు 200 చొప్పున పది నెలలు ఉపకార వేతనం. ఇప్పుడు భాగహారం చేద్దాం. బడి జరిగేది ఏడాదికి 220 రోజులు అనుకుంటే 3,500ని 220తో భాగిస్తే రోజుకు సుమారు 16 రూపాయలు. చక్రాల కుర్చీ గానీ వినికిడి యంత్రం గానీ అవసరమైన పిల్లవాడికి ఈ ఏర్పాటు పనికొస్తుంది. ఉపకరణాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో శిబిరంలో కొలతలు తీసుకుంటారు, కొన్నాళ్లకు వస్తువు వస్తుంది, లెక్క ముగుస్తుంది. ఆటిజం పిల్లవాడికి కావాల్సింది వస్తువు కాదు, తెలిసిన మనిషి సమయం. వారంలో కొన్ని గంటలు, నెలల తరబడి. శిబిరంలో ఇచ్చే బోధన సామగ్రి పెట్టె అటక మీద దుమ్ము పట్టేది అందుకే. పెట్టెలో ఉన్నదాన్ని ఎలా వాడాలో రోజూ చూపించేవాళ్లు పక్కన ఉండరు.

ఫిజియోథెరపిస్టు విషయంలోనూ అంతే. కాళ్లూ చేతులూ బిగిసిన పిల్లలకు ఆయన ప్రాణం. ఆటిజానికి ముందుగా కావాల్సింది మాట నేర్పే స్పీచ్ థెరపిస్టు, ఇంద్రియాల, చేతిపని సంగతి చూసే ఆక్యుపేషనల్ థెరపిస్టు. వాళ్లు మండలంలో దొరకడం కష్టం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టడానికి కారణం ఇదే. అంగన్‌వాడీకి, బడికి వచ్చే సంచార వైద్య బృందం రాసిన చీటీతో అక్కడికి పంపుతారు. బడికి రాకముందే, మూడు నాలుగేళ్లకే వెళ్లగలిగితే లాభం ఎక్కువ.

ఒక మండలం లెక్క వేస్తే

ఎంతమందికి ఒక టీచరు ఉండాలన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 అక్టోబరు తీర్పు తర్వాత 2022లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఒకటి నుంచి ఐదు తరగతుల్లో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు, ఆపై ప్రాథమికోన్నత స్థాయిలో 15 మందికి ఒకరు. 2025 మార్చిలో కోర్టు మళ్లీ రాష్ట్రాలను గట్టిగా అడిగింది. పోస్టులు మంజూరు చేసి ప్రకటించండి, కాంట్రాక్టు మీద ఏళ్లుగా పనిచేస్తున్నవారిని కూడా పరిశీలించండి అని. మన రాష్ట్రం 2025 ఏప్రిల్‌లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. అందులో 1,136 ఎస్జీటీ (ప్రాథమిక తరగతులకు), 1,124 స్కూల్ అసిస్టెంట్ (ఆపై తరగతులకు).

రాష్ట్రంలో మండలాలు సుమారు 680. అంటే మండలానికి మూడు పోస్టుల పైచిలుకు. ఇది సరిపోతుందా అన్నది చూడ్డానికి ఒక ఊహా మండలం తీసుకుందాం. ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాల పిల్లలు 60 మంది, ఆపై 30 మంది. 60ని 10తో భాగిస్తే ఆరుగురు, 30ని 15తో భాగిస్తే ఇద్దరు. కావాల్సింది ఎనిమిది మంది. ఉన్న ఇద్దరు ఐఈఆర్పీలకు కొత్తగా ముగ్గురు కలిసినా ఐదుగురే.

సంఖ్య సరిపోయినా ఇంకో చిక్కుంది. ఆ 90 మంది ఒకచోట ఉండరు. 40 బడుల్లో ఇద్దరిద్దరు, ముగ్గురేసి ఉంటారు. టీచరును ఒక బడికి కేటాయిస్తే మిగతా బడుల పిల్లల మాటేమిటి? ఊరూరా తిప్పితే ఒక్కో బడికి నెలకు కొన్ని పూటలే దక్కుతాయి. ఇక్కడే రెండు వాదాలు ఎదురవుతాయి. పోస్టు ఒక బడికి కట్టేస్తే ఆ టీచరు ఆ ఊరి పిల్లవాడిని, వాడి తల్లిదండ్రులను, తరగతి టీచరును బాగా ఎరుగుతారు అని ఒకటి. తిరిగే టీచరు ఉంటేనే మారుమూల బడికి అసలు ఎవరో ఒకరు వస్తారు అని రెండోది. ఆటిజం వరకు మొదటి వాదానికే బలం ఎక్కువని నా అభిప్రాయం. అప్పుడప్పుడు వచ్చే కొత్త మొహం ఈ పిల్లలకు సాయం కంటే బెదురే ఎక్కువ. కానీ కొండ మండలాల్లో రెండో వాదాన్ని కొట్టిపారేయలేం.

మామూలు బడా, ప్రత్యేక బడా, ఇంటి దగ్గరా

సహిత విద్యను కోరేవాళ్లు చెప్పేది: పిల్లవాడు రేపు బతకాల్సింది ఈ ఊళ్లోనే, ఈ పిల్లలతోనే, కాబట్టి ఇప్పుడే కలిసి ఉండాలి. ప్రత్యేక బడిని కోరేవాళ్లు చెప్పేది: 40 మంది ఉన్న గదిలో, ఒక్క టీచరు రెండు తరగతులు చూసే చోట, వాడు కలిసి ఉండటం లేదు, మూలన కూర్చుంటున్నాడంతే. రెండో మాటలో నిజం ఉంది, అయితే అది బడి లోపం, పద్ధతి లోపం కాదు అని మొదటివాళ్లు జవాబిస్తారు. చట్టం ఎంపికను తల్లిదండ్రులకే వదిలింది. మధ్యేమార్గంగా ఉదయం భవితలో, మధ్యాహ్నం నుంచి బడిలో ఉండే పిల్లలూ ఉన్నారు.

ఇంటివద్ద విద్య మూడో దారి. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ దాన్ని తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు హక్కుగా ఇచ్చింది. పిల్లవాడి పేరు బడి రిజిస్టరులోనే ఉంటుంది, ఐఈఆర్పీ ఇంటికి వస్తారు. ఆటిజం పిల్లవాడు "అల్లరి చేస్తున్నాడు" అని ఈ దారిలోకి నెడితే అది హక్కు కాదు, వదిలించుకోవడం.

అల్లరి కింద ఏముందో చూడటం

బడిలో పిల్లవాడి కోసం రాయాల్సిన కాగితం వ్యక్తిగత విద్యా ప్రణాళిక. చాలాచోట్ల అందులో "అక్షరాలు నేర్పాలి, ప్రవర్తన మెరుగుపరచాలి" అని రాసి ఊరుకుంటారు. దానితో ఎవరూ ఏమీ చేయలేరు.

ఒక మామూలు సందర్భం తీసుకుందాం. మూడో తరగతి పిల్లాడు రోజూ మధ్యాహ్నం చెవులు మూసుకుని గదిలోంచి పరుగెడతాడు. భోజనం ముట్టడు. అల్లరి అని రాసేయకుండా మూడు గడులు గీయాలి: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏం జరిగింది. ఐదు రోజులు రాసేసరికి ఒకటి బయటపడుతుంది. వరండాలో ఇనుప పట్టాతో గంట కొట్టే చోటు వాడి కిటికీ పక్కనే. గంట, వెంటనే నూటయాభై మంది కేకలు, కంచాల మోత. పరుగెత్తాక ఎవరో బయటే కూర్చోబెడతారు, చప్పుడు తప్పుతుంది. అంటే పరుగు వాడికి పనిచేస్తోంది.

అప్పుడు ప్రణాళికలో రాయాల్సింది ఇలా ఉంటుంది: "గంటకు రెండు నిమిషాల ముందు టీచరు కంచం బొమ్మ ఉన్న అట్ట చూపిస్తారు. పిల్లవాడు తన కంచం తీసుకుని, మిగతావాళ్లకన్నా ముందు, వరండా చివరి గుంజ దగ్గర కూర్చుంటాడు. వారంలో ఐదు రోజులకు మూడు రోజులు పరుగెత్తకుండా ఉండటం మొదటి నెల లక్ష్యం." దీనికి రూపాయి ఖర్చు లేదు. సాంబారు అన్నంలో కలిపితే తినడు, విడిగా పోస్తే తింటాడు అన్నది కూడా అందులోనే రాయాలి. వంట చేసే ఆమెకు అది చెప్పాలి. ఒకేసారి ఐదు లక్ష్యాలు పెడితే ఒక్కటీ సాగదు, రెండు చాలు.

అట్ట పని చేయకపోవడం కూడా జరుగుతుంది. ఎక్కువగా కారణం ఒకటే. ఆ టీచరు సెలవు పెట్టిన రోజు ఎవరూ చూపించరు. అట్ట ఎక్కడ ఉంటుందో, ఎవరు చూపించాలో రెండో పేరు కూడా రాసి ఉంచాలి.

పరీక్షలు

రాత పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని 2018లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. మూడు గంటల పరీక్షకు ఇది గంట. 40 శాతం లేనివాళ్లకు రాసేవాళ్లను ఇవ్వం అనడం చెల్లదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, 2022లో వారికి వేరే మార్గదర్శకాలు వచ్చాయి. పదో తరగతి నామినల్ రోల్‌లో, అంటే బడి పంపే పరీక్ష రాసేవాళ్ల జాబితాలో, వైకల్యం కాలమ్ నింపకపోతే హాల్ టికెట్ వచ్చాక సరిచేయడం కష్టం. అడగాల్సింది ఫీజు కట్టే నెలలోనే.

వలస వెళ్తే

ఉద్దానం నుంచి, చీపురుపల్లి వైపు నుంచి విశాఖకో హైదరాబాదుకో చెన్నైకో కూలికి వెళ్లే కుటుంబాల్లో ఆటిజం పిల్లలు కూడా ఉంటారు. దివ్యాంగుల జాతీయ గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ దేశమంతా చెల్లుతుంది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా, ఏడాదికి లక్ష రూపాయల దాకా, అది కూడా ఎక్కడున్నా ఉంటుంది. పింఛను రాష్ట్రానిది. సమగ్ర శిక్ష సాయం పిల్లవాడి పేరు ఏ బడి యూడైస్‌లో ఉంటే ఆ బడికే. ఇక్కడ పేరు తీయకుండా అక్కడ చేర్చలేరు, ఇక్కడ తీశాక అక్కడ వైకల్యం గడి ఖాళీగా వదిలేస్తారు. టీసీతో పాటు సదరం నకలు, ఐశా మార్కుల కాగితం, చివరి ప్రణాళిక నకలు అడిగి తీసుకెళ్లాలి. సంక్రాంతికి ఊరొచ్చి మళ్లీ వెళ్లేలోపు ఐఈఆర్పీని కలిస్తే ఈ మూడూ ఒక్క పూటలో దొరుకుతాయి. ప్రణాళిక నకలు మీద కంచం బొమ్మ అట్ట సంగతి ఉంటే కొత్త టీచరు దాన్నే మొదట చదువుతారు.